వర్తకులు కట్టిన కోటలు

ప్రత్యేక సంచికకు చరిత్ర మీద ఒక వ్యాసం కావాలని సంపాదకవర్గం వారు అడిగారు. కాకతీయుల గురించీ, రాయల గురించీ, కుతుబ్‌షాహీల గురించీ సాధికారంగా రాయగల పెద్దలు మన సంఘంలోనే ఉన్నారు. నేను ముప్పై మూడేళ్లు నీటిపారుదల శాఖలో కరకట్టలు, కాలువగట్లు చూసుకుంటూ గడిపినవాణ్ణి. మట్టి, రాయి, ఇటుక - ఈ మూడింటి సంగతే నాకు కాస్త తెలుసు. అందువల్ల ఆ మూడింటినీ నమ్ముకుని ఒక రాజ్యం మూడు వందల ఏళ్లు తన్ను తాను ఎలా కాపాడుకుందో రాయాలనుకున్నాను. ఆ రాజ్యం ఇటలీలోని వెనిస్.

వెనిస్ అనగానే మనకు నీటి వీధులు, నల్లని పడవలు, సినిమా పాటలు గుర్తుకు వస్తాయి. కాని 16, 17 శతాబ్దాల్లో కోటలు కట్టే విద్యలో వెనిస్‌తో పోటీ పడగల రాజ్యాలు యూరప్‌లో వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని మాత్రమే. ఆల్ప్స్ పర్వతాల పాదాల నుంచి సైప్రస్ ద్వీపం దాకా వాళ్లు కట్టిన గోడలు ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. వాటిలో ఆరింటిని 2017లో యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. ఇటలీలో బెర్గామో, పెస్కియెరా, పాల్మనోవా, క్రొయేషియాలో జదార్, షిబెనిక్, మాంటెనెగ్రోలో కోతోర్. ఈ కోటల కథ చదువుతున్నప్పుడు నాకు ఒక ప్రశ్న పదేపదే తగిలింది. గోడ గట్టిదైతే కోట నిలుస్తుందా? ఇంకేమైనా కావాలా? దానికి జవాబు వెనిస్ చరిత్రలోనే దొరుకుతుంది.

పొలం లేని రాజ్యం

వెనిస్‌కు రాజు లేడు. సంపన్న వర్తక కుటుంబాల వారు సభగా కూర్చుని పాలించేవారు. తమలో ఒకరిని 'డోజే' అనే పేరుతో జీవితాంతం అధిపతిగా ఎన్నుకునేవారు. అతని చేతులు కట్టేసేటన్ని నియమాలు పెట్టేవారు. ఉప్పునీటి కయ్యల నడుమ కట్టిన ఊరు గనుక తొలినాళ్లలో చెప్పుకోదగ్గ పంట భూమి లేదు. బతుకంతా వ్యాపారం మీదే. మన దేశపు మిరియాలు, అల్లం, వస్త్రాలు ఎర్ర సముద్రం మీదుగా అలెగ్జాండ్రియా చేరితే, అక్కడి నుంచి యూరప్‌కు మోసి అమ్మినవాళ్లలో వెనిస్ వర్తకులదే పైచేయి.

మనకూ వాళ్లకూ పరిచయం పాతదే. 13వ శతాబ్దం చివర మోటుపల్లి రేవు గురించీ, కాకతీయ రాజ్యాన్ని ఏలిన రాణి గురించీ రాసిన మార్కో పోలో వెనిస్ వాడే. తళ్లికోట యుద్ధం జరిగిన రెండేళ్లకు, 1567లో, విజయనగరం వచ్చి ఏడు నెలలు ఉన్న చేజారె ఫెడెరిచి కూడా వెనిస్ వర్తకుడే. ఇళ్లు నిలిచే ఉన్నాయి గాని మనుషులు లేరనీ, పులులూ అడవి మృగాలూ తిరుగుతున్నాయని చెప్పుకుంటున్నారనీ రాసి పెట్టాడు. ఆ ఏడే అతని ప్రభుత్వం సైప్రస్‌లో ఒక కొత్త కోటగోడకు పునాది వేసింది. ఆ సంగతి కొంచెం తరువాత చెబుతాను.

వెనిస్ నగరానికి మాత్రం కోటగోడ లేదు. చుట్టూ ఉన్న నీరే దానికి కందకం. కాపాడుకోవలసింది దారిని. వెనిస్ నుంచి తూర్పు మధ్యధరా దాకా, ఓడలు ఆగి మంచినీళ్లు, తిండి నింపుకొనే రేవులు వరుసగా ఉండాలి. కోర్ఫు, క్రీట్, సైప్రస్ ద్వీపాలు అలా ఒక్కొక్కటే వాళ్ల చేతికి వచ్చాయి. సైప్రస్ అన్నిటికన్నా ఆలస్యంగా, 1489లో వచ్చింది. వర్తకుడికి రేవే అంగడి, రేవే గోదాము. గోదాముకు తాళం వేసుకోవడం వంటిదే వాళ్లకు కోట కట్టడం.

ఫిరంగి వచ్చాక

పాతకాలపు కోటగోడ ఎత్తుగా, నిటారుగా ఉండేది. నిచ్చెన వేసి ఎక్కేవాణ్ణి ఆపడమే దాని పని. పెద్ద ఫిరంగులు వచ్చాక ఆ ఎత్తే దానికి శత్రువయింది. 1453లో కాన్‌స్టాంటినోపుల్ గోడలను ఉస్మానీ తుర్కుల ఫిరంగులు పగలగొట్టాయి. 1470లో వెనిస్ వారి నెగ్రోపాంటె పోయింది. 1494లో ఫ్రెంచి రాజు ఎనిమిదో చార్లెస్ ఇనుప గుండ్లు పేల్చే కంచు ఫిరంగులతో ఇటలీలో దిగాడు. అంతకుముందు ఏడేళ్ల ముట్టడిని తట్టుకున్నదని పేరున్న ఒక కోట అతని ఫిరంగుల ముందు ఎనిమిది గంటలు నిలిచిందని చెబుతారు. 1500లో గ్రీసు తీరాన వెనిస్‌కు రెండు కళ్లని చెప్పుకునే మోదోన్, కోరోన్ రేవులు తుర్కుల పాలయ్యాయి.

అన్నిటికన్నా పెద్ద దెబ్బ 1509 మే 14న తగిలింది. పోప్, ఫ్రాన్స్, జర్మన్ చక్రవర్తి, స్పెయిన్ ఏకమై వెనిస్ మీదకు వచ్చిన కాలమది. ఆన్యాదెల్లో దగ్గర ఫ్రెంచి సేన చేతిలో ఒక్క పూట యుద్ధంలో వెనిస్ సైన్యం ఓడిపోయింది. నూరేళ్లుగా సంపాదించుకున్న లోతట్టు భూభాగం దాదాపు అంతా కొద్ది వారాల్లో చేజారింది. కొద్ది నెలలకే పాదువా నగరాన్ని తిరిగి పట్టుకుని, గోడ లోపల హడావుడిగా మట్టికట్టలు పోసి, చక్రవర్తి మాక్సిమిలియన్ ముట్టడిని తట్టుకున్నారు. ట్రెవీజోలో ఫ్రా జోకోండో అనే సన్యాసి ఇంజనీరుగా నిలబడి కోట పనులు చేయించాడు. ప్రాణం పోయేవేళ కాపాడినది అందమైన రాతిగోడ కాదు, తట్టలతో మోసి పోసిన మట్టి. ఆ పాఠాన్ని వెనిస్ సభ వారు మరిచిపోలేదు.

మట్టి చేసే మేలు

ఇక్కడ నా పాత వృత్తిని కాస్త అడ్డం తెచ్చుకుంటాను. నది వరదను ఆపే కరకట్టలో బలమంతా మట్టిదే. పైన పేర్చిన రాయి ఆ మట్టి కోసుకుపోకుండా చూస్తుంది, అంతే. వెనిస్ ఇంజనీర్లు కట్టిన కొత్త కోట కూడా సరిగ్గా ఇలాంటిదే. గోడను ఎత్తు తగ్గించి, వెడల్పు బాగా పెంచారు. బయటి ముఖానికి వాలుగా ఇటుకో రాయో కట్టి, వెనుక గజాల కొద్దీ మట్టి కూరారు. గుండు తగిలితే రాతిగోడ పగిలి కూలుతుంది. మట్టి ఆ గుండును మింగేస్తుంది. ఓరుగల్లు మట్టికోట మీద యంత్రాలతో రాళ్లు విసిరినా లాభం లేకపోయిందని అమీర్ ఖుస్రో రాసిన మాట మనలో కొందరికి గుర్తుండే ఉంటుంది.

రెండో మార్పు బురుజు ఆకారంలో వచ్చింది. మన గోల్కొండలో చూసే గుండ్రటి బురుజును ఊహించుకోండి. దాని ముందు సరిగ్గా ముక్కు కింద, ఇరుగుపొరుగు బురుజుల నుంచి పేల్చే గుళ్లు చేరని చిన్న చోటు ఒకటి మిగిలిపోతుంది. శత్రువు అక్కడ చేరితే పైవాడికి కనపడడు. నిశ్చింతగా గోడ కింద సొరంగం తవ్వుకోవచ్చు. ఈ లోపం పోగొట్టడానికి బురుజును బాణపు ములికిలాగా కోణంగా కట్టారు. అప్పుడు ఒక బురుజు ముఖమంతా పక్క బురుజు ఫిరంగికి ఎదురుగా ఉంటుంది. ఏ బురుజూ తన్ను తాను కాపాడుకోలేదు, పక్కదాన్ని కాపాడుతుంది. గోడ ముందు వెడల్పాటి కందకం, దాని అవతల మెల్లగా దిగే వాలుకట్ట, ఆపైన చెట్టూ చేమా ఇల్లూ వాకిలీ లేని ఖాళీ మైదానం. పై నుంచి చూస్తే కోటంతా నక్షత్రంలాగా కనిపిస్తుంది. ఈ ఆకారం అందం కోసం వచ్చింది కాదు. ఫిరంగి గుండు పోయే దారిని గీతలు గీసి లెక్కకట్టగా తేలింది.

కోటలకొక కచేరీ

1542లో వెనిస్ వారు కోటల కోసమే ప్రత్యేకంగా ఒక కార్యాలయం ఏర్పాటు చేశారు. ఎక్కడ ఏ గోడ ఏ స్థితిలో ఉంది, ఎన్ని ఫిరంగులు, ఎంత మందుగుండు, ఎంత ధాన్యం, ఏ పనికి ఎంత ఖర్చు - ఇవన్నీ ఆ కచేరీ చూడాలి. ఇంజనీర్లు పంపిన నివేదికలు, పటాలు అక్కడికి చేరేవి. కోటల నమూనాలు కూడా తయారు చేయించేవారు. దూరాన ఉన్న ద్వీపాన్ని ఎన్నడూ చూడని సభ్యుడు బల్ల మీద నమూనా చూసి నిధులు మంజూరు చేయాలి కదా! వాటిలో కొన్ని వెనిస్ నౌకా మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి. ఫైలు, పటం, తనిఖీ, మంజూరు - మనం జీవితమంతా నడిపిన బండి అదే.

ఆ తరం ఇంజనీర్లలో పెద్దవాడు మికేలె సాన్మికేలి. 1484లో వెరోనాలో పుట్టాడు. వెరోనా, జదార్ నగరద్వారాలు, కాండియా కోటగోడల రూపకల్పన ఆయన పేరుతో ముడిపడి ఉన్నాయి. వెనిస్ నగరానికి సముద్రం వైపు ముఖద్వారంలో, బురదనేల మీద, సాంత్ ఆంద్రేయా కోటను కట్టినదీ ఆయనే. దాని గురించి చిత్రకారుడు వసారి రాసిన కథ ఒకటి ఉంది. ఆ బురదలో కట్టిన కట్టడం తన సొంత ఫిరంగులు పేలితేనే కూలిపోతుందని గిట్టనివాళ్లు సభకు చెవిలో ఊదారట. సాన్మికేలి వాదన పెట్టుకోలేదు. ఆయుధాగారంలో ఉన్న పెద్ద ఫిరంగులన్నీ తెప్పించి, కోటలో పైనా కిందా నింపించి, మామూలు కన్నా ఎక్కువ మందు దట్టించి, అన్నిటినీ ఒక్కసారిగా పేల్చమన్నాడు. నేల అదిరింది, ఊరు దద్దరిల్లింది. గోడకు బీట కూడా పడలేదు. ఇంజనీరుగా ఆ కథ చదివిన రోజున నాకు కలిగిన సంతోషం చెప్పనలవి కాదు.

ఏడు వారాలు, పదిన్నర నెలలు

ఇక సైప్రస్ సంగతి. ఆ ద్వీపపు రాజధాని నికోసియాకు 1567లో జూలియో సవోర్నాన్ అనే ఇంజనీరు సరికొత్త కోట మొదలుపెట్టాడు. సుమారు 5 కిలోమీటర్ల చుట్టుకొలత, 11 బురుజులు, 3 ద్వారాలు. చక్రంలా గుండ్రంగా, లెక్క తప్పని కట్టడం. దాని కోసం పాత గోడనూ, ఆ గోడకూ కొత్త గోడకూ నడుమ ఉన్న ఇళ్లనూ, గుళ్లనూ పడగొట్టారు. పూర్వపు రాజుల సమాధులున్న సెయింట్ డొమినిక్ మఠం కూడా అందులో పోయింది. ఊరి గుండా పారే నదిని దారి మళ్లించారు. ఖర్చు పంచుకున్న పెద్ద కుటుంబాల పేర్లు బురుజులకు పెట్టారు.

ద్వీపంలో రెండో కోట ఫామగుస్తా రేవు. అది పాత కోట. గోడలను వెనిస్ వారు మందం చేశారు గాని బురుజులు చాలావరకు పాత గుండ్రటివే. వాయవ్య మూలన మార్తినెంగో బురుజు ఒక్కటి కొత్త పద్ధతిలో కట్టింది.

1570 జూలైలో లాలా ముస్తఫా పాషా నాయకత్వాన తుర్కుల సైన్యం సైప్రస్‌లో దిగింది. కాగితం మీద చూస్తే నికోసియా నిలవాలి, ఫామగుస్తా పడిపోవాలి. జరిగింది మరొకటి. నికోసియా ఏడు వారాల్లో, సెప్టెంబరు 9న పడిపోయింది. వేలాదిమంది ఊచకోతకు గురయ్యారు. ఫామగుస్తా పదిన్నర నెలలు నిలిచింది.

ఎందుకిలా జరిగింది? నికోసియా గోడకు రాతి తొడుగు పూర్తి కాలేదు, కందకం పూర్తి కాలేదు. అది నిజమే. కాని అంతకన్నా పెద్ద కారణాలున్నాయి. అధికారి నికోలో దాందోలోకు నిర్ణయం తీసుకునే శక్తి లేదు. మందుగుండు పొదుపు చేయమనేవాడు, బయటికి వెళ్లి దెబ్బతీద్దామన్నవాళ్లను ఆపేవాడు. ఇక పల్లెల్లో ఉన్న రైతుల్లో ఎక్కువమంది భూస్వాముల కింద అర్ధబానిసలు. తరాల తరబడి తమను పిండుకున్న దొరల కోసం వాళ్లెందుకు ప్రాణాలివ్వాలి? లెఫ్కారా అనే గ్రామం తుర్కులకు లొంగిపోతే, వెనిస్ సేనలే వెళ్లి తమ ప్రజలైన ఆ ఊరివాళ్లను చంపాయి. జనం నమ్మకం లేని చోట 11 బురుజులు ఏం చేస్తాయి?

ఫామగుస్తాలో మార్కాంతోనియో బ్రగదీన్ అనే అధికారి, ఆస్తోరె బల్యోనీ అనే సేనాని ఉన్నారు. స్థానికులతో కలిపి వారి బలగం ఎనిమిది వేలకు అటూ ఇటూ. ఊళ్లో గ్రీకు ప్రజలు సైనికులతో కలిసి గోడ మీద నిలబడ్డారు. కూలిన చోట రాత్రికి రాత్రి మట్టి, బస్తాలు, పీపాలు పేర్చి కొత్త అడ్డుకట్ట వేసేవారు. 1571 జనవరిలో ఒక్కసారి ఓడల్లో 1,600 మంది సాయం వచ్చింది, అంతే. చివరకు గుర్రాలు, గాడిదలు, పిల్లులు తిని, మందుగుండు అడుగంటాక ఆగస్టు 1న తెల్లజెండా ఎత్తారు. ప్రాణభయం లేకుండా వెళ్లనిస్తామన్న ఒప్పందం నిలవలేదు. 17వ తేదీన బ్రగదీన్‌ను బతికుండగానే చర్మం ఒలిచి చంపారు. ఆ చర్మాన్ని తరువాత కాన్‌స్టాంటినోపుల్ నుంచి దొంగిలించి తెచ్చి వెనిస్‌లోని ఒక చర్చిలో ఉంచారు.

అదే ఏడు అక్టోబరు 7న లెపాంటో సముద్రయుద్ధంలో వెనిస్, స్పెయిన్, పోప్ నౌకలు తుర్కుల నౌకాబలాన్ని చిత్తు చేశాయి. అయినా 1573 సంధిలో వెనిస్ సైప్రస్‌ను వదులుకుని, పైగా 3,00,000 డ్యూకాట్లు పరిహారం కట్టింది. ఆ సంధి కుదిర్చినది కాన్‌స్టాంటినోపుల్‌లో నిర్బంధంలో ఉన్న రాయబారి మార్కాంతోనియో బార్బరో.

నక్షత్రం లాంటి ఊరు

ఇరవై ఏళ్ల తరువాత, సరిగ్గా లెపాంటో విజయం రోజున, 1593 అక్టోబరు 7న, వెనిస్ వారు తమ ఈశాన్య సరిహద్దులో ఒక ఊరికి శంకుస్థాపన చేశారు. తుర్కుల దాడులూ, పొరుగున ఆస్ట్రియా వారి ఒత్తిడీ రెండూ ఆ దారినే రావాలి. అదే పాల్మనోవా. దాని ప్రణాళిక వెనుక ఉన్నవారిలో ముఖ్యుడు నికోసియా కట్టిన జూలియో సవోర్నానే. అప్పటికి ఆయనకు ఎనభై దాటాయి! పని పర్యవేక్షణకు ప్రభుత్వం పంపిన మొదటి అధికారి సైప్రస్‌ను వదులుకుంటూ సంతకం పెట్టిన బార్బరో. ఇద్దరూ 1595లో కన్నుమూశారు. ఆ వయసులో ఆ ఇద్దరు వృద్ధుల మనసుల్లో ఏమున్నదో ఏ దస్తావేజూ చెప్పదు. కాని ఓడిన కోట కట్టినవాడూ, ఆ ఓటమికి సంతకం చేసినవాడూ కలిసి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టారన్నది చరిత్ర.

2019 వేసవిలో మా అమ్మాయి కుటుంబంతో నేను పాల్మనోవా చూశాను. తొమ్మిది కోణాల నక్షత్రం. నడుమ ఆరు భుజాల పెద్ద చౌకు, అక్కడి నుంచి వీధులు చక్రం ఆకుల్లాగా బయటికి పోతాయి. కోటలోకి మూడే ద్వారాలు. గట్టు మీద గడ్డి ఏపుగా పెరిగి ఉంది. వాలు ఎంత, నీరు ఎటు పోతుంది, ఎక్కడ మట్టి జారుతుంది అని చూస్తూ నేను నడుస్తుంటే, మనవడు విసుగుపడ్డాడు. "ఇక్కడ ఏ యుద్ధం జరిగింది తాతయ్యా?" అని అడిగాడు. వెనిస్ గణరాజ్యం బతికి ఉన్నంతకాలం ఈ కోటను ఎవరూ ముట్టడించలేదురా అని చెప్పాను. "అయితే ఎందుకు కట్టారు?" అన్నాడు.

పిల్లవాడి ప్రశ్న చిన్నది కాదు. పాల్మనోవాలో కాపురం ఉండడానికి జనం కూడా ముందుకు రాలేదు. 1622లో ఖైదీలకు క్షమాభిక్ష పెట్టి, ఇళ్ల స్థలాలు ఉచితంగా ఇచ్చి తెచ్చిపెట్టారని చెబుతారు. 1797లో నెపోలియన్ కాలంలో ఆ కోట పోరాటం లేకుండానే చేతులు మారింది. బెర్గామో కథా అంతే. 1561లో మొదలుపెట్టి 6 కిలోమీటర్ల గోడ కట్టారు. అందుకోసం వందల ఇళ్లు, ప్రాచీనమైన సెయింట్ అలెగ్జాండర్ ప్రధాన దేవాలయం పడగొట్టారు. అక్కడా ఏ ముట్టడీ జరగలేదు. ఇల్లు పోగొట్టుకున్నవాళ్లు ఆ గోడను చూసి ఏమనుకుని ఉంటారు?

కాండియా: 21 ఏళ్లు

యుద్ధం వచ్చిన చోట ఎలా వచ్చిందో కాండియా చెబుతుంది. క్రీట్ ద్వీప రాజధాని అది. ఇప్పుడు హెరాక్లియోన్ అంటున్నారు. దాని గోడలకు శతాబ్దానికి పైగా పట్టింది. కట్టినవారు క్రీట్ రైతులు. ఏటా ఇన్ని రోజులని కోట పనికి వెట్టి చేయాలి. వెట్టి అంటే ఏమిటో మన తెలుగువారికి విడమరిచి చెప్పనక్కరలేదు.

1648లో తుర్కులు కాండియాను ముట్టడించారు. 1669 దాకా, 21 ఏళ్లు ఆ ముట్టడి సాగింది. చరిత్రలో అతి సుదీర్ఘమైన ముట్టడుల్లో ఇదొకటి. ముట్టడి మొదలైనప్పుడు పుట్టిన పిల్లవాడు అది ముగిసేసరికి యువకుడయ్యాడు. నేల కింద సొరంగాలు తవ్వడం, ఎదురు సొరంగాలు తవ్వడం, మందుగుండు పెట్టి పేల్చడం - పోరు చాలావరకు అలా భూగర్భంలోనే జరిగింది. వెనిస్‌కు డబ్బు చాలక, లక్ష డ్యూకాట్లు ఇచ్చినవారికి ప్రభు వంశపు హోదా అమ్ముకుంది. శతాబ్దాలుగా ఎవరికీ తెరవని పుస్తకంలో కొత్త పేర్లు రాశారు. 1667లో బరోజీ అనే సొంత ఇంజనీరే గోడలో ఎక్కడ బలహీనమో శత్రువుకు చెప్పేశాడు. గోల్కొండ తలుపు తీసిన ద్రోహం మనకు తెలిసిందే కదా!

1669లో ఫ్రాన్స్ పంపిన సైన్యం కొద్ది వారాలుండి వెనక్కి వెళ్లిపోయాక, సేనాపతి ఫ్రాంచెస్కో మొరోసిని దగ్గర ఆయుధం పట్టగలవారు నాలుగు వేల లోపు మిగిలారు. ఆయన సంధి చేసుకుని కోట అప్పగించాడు. ఇరుపక్షాలా కలిపి లక్షకు పైగా ప్రాణాలు పోయాయని ఆనాటి లెక్కలు. సంధి ప్రకారం ప్రజలు తమ సామానుతో వెళ్లిపోవచ్చు. వెళ్తూ వెళ్తూ వాళ్లు ప్రభుత్వ దస్తరాలు కూడా ఓడలెక్కించారు. కాండియా దొరతనపు రికార్డులు ఇప్పటికీ వెనిస్ అభిలేఖాలయంలో ఉన్నాయి. అంత కష్టంలోనూ కాగితాలు కాపాడిన ఆ గుమాస్తాలకు నేను మనసులో నమస్కరించుకున్నాను.

గోడ బయట మిగిలినవారు

నా ప్రశ్నకు అసలు జవాబు కోర్ఫు ద్వీపంలో దొరికింది. 1537లో సుల్తాన్ సులేమాన్ సేనలు కోర్ఫు మీద పడ్డాయి. అప్పుడు కోట అంటే సముద్రంలోకి పొడుచుకువచ్చిన కొండ ఒక్కటే. ఊరంతా దాని బయట, గోడ లేకుండా ఉంది. కోటలో తిండి చాలదని, పోరాటానికి పనికిరారని, వృద్ధులనూ స్త్రీలనూ పిల్లలనూ అధికారులు బయటికి పంపేశారు. తలుపులు మూసేశారు. ఇటు కోట, అటు శత్రువు, నడుమ వాళ్లు. ద్వీపం నుంచి వేలమందిని బానిసలుగా తీసుకుపోయారు. కోట మాత్రం నిలిచింది. వెనిస్ లెక్కలో అది విజయం!

కోర్ఫు ప్రజలు ఆ విజయాన్ని మరిచిపోలేదు. తమ ప్రతినిధులను వెనిస్ పంపి, ఊరికి కూడా గోడ కట్టమని అడుగుతూ వచ్చారు. 1571లో మళ్లీ దాడి జరిగి, ఊరు మళ్లీ తగలబడింది. 1576 నుంచి ఊరు మొత్తాన్ని చుట్టి కొత్త గోడ, పడమట కొండ మీద కొత్త కోట కట్టారు. ఇళ్లు పడగొట్టక తప్పలేదు గాని ఈసారి జనం గోడ లోపల ఉన్నారు.

1716 జూలైలో తుర్కుల పెద్ద సైన్యం మళ్లీ దిగింది. జర్మన్ సేనాని షూలెన్‌బర్గ్ వెనిస్ తరపున కోట కాశాడు. గ్రీకులు, ఇటాలియన్లు, ఊళ్లోని యూదులు, పూజారులు, స్త్రీలు సహా గోడ మీదకు వచ్చారని చరిత్రకారులు రాశారు. ఆగస్టులో ఒక పెద్ద దాడిని తిప్పికొట్టారు, ఆ వెంటనే తుఫాను వచ్చింది, తుర్కులు ముట్టడి ఎత్తేశారు. ఊరు నిలిచింది. ఆ విజయానికి గుర్తుగా వివాల్డి అనే సంగీతకారుడు జూడిత్ కథను సంగీతరూపకంగా కట్టాడు. కోర్ఫు ప్రజలు మాత్రం తమ సెయింట్ స్పిరిడాన్ మహిమ అని నమ్ముతారు; ఏటా ఆగస్టు 11న ఊరేగింపు చేస్తారు.

నికోసియా, కోర్ఫు రెండు కథలనూ పక్కపక్కన పెట్టి చూడండి. రెండూ ఒకే విద్యతో, ఒకే కచేరీ డబ్బుతో కట్టినవే. ఒకచోట జనాన్ని లెక్కలో వేయలేదు. రెండోచోట 1537 నాటి గాయం తరువాతనైనా లెక్కలో వేశారు. గోడ అవసరమే, గోడ లేకుండా కోర్ఫు నిలిచేది కాదు. కాని గోడ ఒక్కటే అయితే నికోసియా పడిపోయేది కాదు.

మరి పాల్మనోవా?

అక్కడ నా మనవడికి నేను చెప్పిన జవాబు ఇది. గట్టు తెగిన రోజున పేపర్లో వార్త వస్తుంది. గట్టు తెగని రోజుకు వార్త ఉండదు. వెనిస్ వారు పాల్మనోవా కట్టాక రెండు వందల ఏళ్లలో ఆ మైదానంలోకి తుర్కుల సైన్యం రాలేదు. కోట ఉన్నందువల్లనే రాలేదని రుజువు చేయలేం, కాదనీ చెప్పలేం. కాని ఆ రెండు వందల ఏళ్లూ అక్కడ కందకం పూడిక తీసినవాళ్లు, గట్టు మీద మొలిచిన చెట్లను వేళ్లతో సహా పీకినవాళ్లు, మందుగుండు తడవకుండా చూసినవాళ్లు, రాత్రి గస్తీ తిరిగినవాళ్లు ఉన్నారు. వాళ్ల పేర్లు ఎక్కడా లేవు. తమ ఉద్యోగకాలమంతా వాళ్లు ఎదురుచూసిన శత్రువు రాలేదు. వాళ్ల ఉద్యోగం వృథా అనడానికి నాకు నోరు రాలేదు.

నేను పనిచేసిన ఒక డివిజనులో, వరుసగా నాలుగేళ్లు వరద రాలేదని కరకట్ట మరమ్మతు నిధులు కోసేశారు. అయిదో ఏడు ఏం జరిగిందో ఆ ఊళ్లవాళ్లకు తెలుసు. నీరు తగ్గాక అందరూ గండి ఎవరివల్ల పడిందని అడిగారు. అంతకుముందు ముప్పై ఏళ్లు గండి పడకుండా ఎవరివల్ల ఆగిందని మాత్రం ఎవరూ అడగలేదు. ట్రెజరీలో, రైల్వేలో, విద్యుత్ శాఖలో, ఆసుపత్రుల్లో పనిచేసి రిటైరైన మిత్రులకు ఇలాంటివి ఎన్నో గుర్తుంటాయి.

1797 మే 12న వెనిస్ గణరాజ్యం నెపోలియన్ బెదిరింపుకు లొంగి తన్ను తానే రద్దు చేసుకుంది. గోడలు మాత్రం మిగిలాయి. జదార్ గోడల మీద ఇప్పుడు ముసలివాళ్లు సాయంకాలం షికారు చేస్తారు. బెర్గామోలో ఒకనాడు కోట తలుపులు మూసే వేళకు కొట్టిన గంటను ఇప్పటికీ రాత్రి పది గంటలకు నూరు మార్లు కొడతారు. మూయడానికి తలుపుల అవసరం లేకపోయినా. సవోర్నాన్ కట్టిన నికోసియా గోడ మాత్రం ఇంకో రకం గోడ మధ్యలో చిక్కుకుంది. 1974 తరువాత ఆ నగరం రెండుగా చీలింది. 11 బురుజుల్లో 5 దక్షిణాన గ్రీకుల వైపు, 5 ఉత్తరాన తుర్కుల వైపు, ఒకటి నడుమ ఐక్యరాజ్యసమితి కాపలా ఉన్న మండలంలో ఉన్నాయి. బయటి శత్రువును ఆపడానికి గుండ్రంగా కట్టిన గోడ అది. లోపలివాళ్లు రెండుగా విడిపోతే ఏం చేయాలో ఆ ఇంజనీరు పటంలో లేదు. అది ఏ ఇంజనీరు పటంలోనూ ఉండదు. ఆ పని మనుషులే చేసుకోవాలి.